కొనుటకు కిలోగ్రాము, మోయుటకు న్యూటను

(ప్రసంగ పాఠము)



గృహనిర్మాణములో వాడుకలోనున్న కొలతలను గూర్చి, ముఖ్యముగా బరువును, బలమును కొలుచు ప్రమాణములను గూర్చి, నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని. ఇది ఇంజనీర్ల గొడవ గదా, మనకేల యని రేడియో మీట త్రిప్పివేయకుడని నా ప్రార్థన. ఇల్లు కట్టుకొన్నవారికిని, కట్టుకొనదలచినవారికిని, తుదకు మేడమీద నీళ్ళతొట్టి పెట్టించుకొనువారికిని గూడ ఇది పనికివచ్చు సంగతియే.

నాకు పరిచితులైన ఉపాధ్యాయులొకరు ఉద్యోగవిరమణ చేసి స్వగ్రామము చేరిరి. తండ్రిగారు 1972లో కట్టించిన ఇల్లు ఉన్నది. కుమారుని కుటుంబము కొరకు దానిమీద మరియొక అంతస్తు వేయవలెనని వారి కోరిక. ఒకనాడు పాతపెట్టెలో ఆ ఇంటి నక్షా దొరికినది. దాని మూలను కాంక్రీటు తరగతి ‘ఎం 150’ అని వ్రాసియున్నది. క్రొత్త అంతస్తునకు యువ ఇంజనీరు వ్రాసియిచ్చిన కాగితములో ‘ఎం 20’ అని యున్నది. మాస్టారు ఆ రెండు కాగితములు చేతపట్టుకొని మా యింటికి వచ్చి, “చూశారా అండీ! మా నాన్నగారి కాలంలో కాంక్రీటు 150. ఇప్పటివాళ్ళు వేసేది 20. అంటే మా ఇల్లు ఏడు రెట్లు గట్టిదన్నమాట. ఒకటి కాదు, రెండంతస్తులు వేసినా చెక్కు చెదరదు!” అని సంతోషముతో పలికిరి.

ఆ సంతోషమును చూచి నాకు భయము కలిగినది. ఆయన లెక్కలో కూడిక తప్పు లేదు, భాగహారము తప్పు లేదు. అంకెలను మాత్రమే చదివి, ఆ అంకెల ప్రక్కన ఉండవలసిన పేరును ఆయన చదువలేదు. ఆ పేరే ప్రమాణము. పేరులేని అంకె దారము తెగిన గాలిపటము వంటిది. అది యెక్కడ వ్రాలునో చెప్పజాలము.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. మోచేతినుండి నడివ్రేలి కొనవరకు మూర యందుము. పూలు అమ్మునామె మూర వేరు, కొనునామె మూర వేరు. ఆ తగవు రెండు మల్లెమొగ్గలతో తీరిపోవును. మణుగు విషయములో అట్లు తీరదు. మదరాసు మణుగు 8 వీశెలు, అనగా 25 పౌనులు. నేటి లెక్కలో 11 కిలోగ్రాములకు కొంచెము పైన. బంగాళపు మణుగు 82 పౌనులకు పైమాట. అది 37 కిలోగ్రాములు దాటును. పేరు ఒక్కటే, బరువు మూడు రెట్లకు మించి వేరు. మణుగు ఇనుము కావలెనని ఉత్తరము వ్రాసినవాడు ఏ దేశపు మణుగో వ్రాయనిచో వ్యాపారికి లాభమో నష్టమో తెలియని స్థితి యేర్పడును.

ఈ గందరగోళమును తొలగించుటకే మన పార్లమెంటు 1956లో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టమును చేసినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూనికలు క్రమక్రమముగా అమలులోనికి వచ్చినవి. సేరు పోయి కిలో వచ్చినది; గజము పోయి మీటరు వచ్చినది. అయితే పాతవన్నియు పూర్తిగా పోయినవా? లేదు. నాగార్జునసాగరములో నిండు నీటిమట్టము 590 అడుగులని నేటికిని వినుచున్నాము. నిలువనీటిని టి.ఎం.సీ.లలో, ప్రవాహమును క్యూసెక్కులలో చెప్పుకొనుచున్నాము. ఇంటిస్థలము గజములలో కొందుము, ఇంటి వైశాల్యమును చదరపు అడుగులలో చెప్పుదుము, నక్షాను మిల్లీమీటర్లలో గీయింతుము. ఒక్క ఇంటి గుమ్మములో మూడు తరముల కొలతలు కలిసి నిలిచియున్నవి. కలిసియుండుట తప్పు కాదు, కలగాపులగమగుటయే తప్పు.

ఇక బరువు సంగతికి వత్తము. కిలోగ్రాము అనగా నేమి? బరువు అని మనము వెంటనే చెప్పుదుము. శాస్త్రజ్ఞుడు ఒప్పుకొనడు. కిలోగ్రాము ఒక వస్తువులోనున్న పదార్థమెంతయో చెప్పును. ఆ పదార్థమును భూమి ఎంత బలముతో క్రిందికి లాగుచున్నదో, అది బరువు. ఈ రెండును వేరు.

ఒక చిన్న ఊహ చేయుదము. కిలో కందిపప్పును చంద్రమండలమునకు కొనిపోయితిమనుకొనుడు. రెండు తట్టల త్రాసులో ఒకవైపు పప్పు, ఒకవైపు కిలో రాయి వేసి తూచిన యెడల ముల్లు మధ్యనే నిలుచును. పప్పు కిలోయే, ఒక్క గింజయు తగ్గలేదు. అదే పప్పును స్ప్రింగుకాటాకు తగిలించి చూచితిమేని, ముల్లు కిలోలో ఆరవవంతు దగ్గరనే ఆగిపోవును. ఏలనన, చంద్రుని ఆకర్షణ భూమి ఆకర్షణలో ఇంచుమించు ఆరవవంతు. త్రాసు పదార్థమును పోల్చినది, స్ప్రింగు లాగుడును కొలిచినది. మన అంగడిలో రెండింటికిని ఒకే సమాధానము వచ్చుటచేత, రెండును ఒకటే యని మనము అలవాటు పడితిమి.

ఆ లాగుడునే, ఆ త్రోపిడినే, బలమందురు. బలమును కొలుచు ప్రమాణమునకు న్యూటను అని పేరు. చలనసూత్రములను 1687లో ప్రకటించిన ఐజాక్ న్యూటను స్మారకముగా 1948లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఈ పేరును స్వీకరించినది. ఒక కిలోగ్రాము పదార్థము యొక్క వేగమును, ప్రతి సెకండునకును సెకండుకు ఒక మీటరు చొప్పున పెంచుటకు కావలసిన బలము ఒక న్యూటను. భూమి కిలోగ్రామును సుమారు 9.81 న్యూటనుల బలముతో లాగుచున్నది. కావున ఒక్క న్యూటను అనగా నూరు గ్రాముల పైచిల్లర బరువు. అరచేతిలో ఒక జామకాయ పెట్టుకొన్నచో తగులు బరువు అనుకొనవచ్చును. వేయి న్యూటనులు ఒక కిలోన్యూటను. ఏబది కిలోల సిమెంటు బస్తాలు రెండు ఒకదానిమీద నొకటి పెట్టిన, ఇంచుమించు ఒక కిలోన్యూటను బరువగును. ఈ జామకాయను, ఈ రెండు బస్తాలను జ్ఞాపకముంచుకొనుడు. మిగిలిన లెక్క సులభము.

కిలోతోనే సుఖముగా నున్నాము గదా, ఈ న్యూటను నెత్తిన పెట్టుట యేల యని అడుగవచ్చును. ఇల్లు మోయునది గోడల బరువు, మనుష్యుల బరువు మాత్రమే యైనచో ఆ ప్రశ్నకు కొంత న్యాయము కలదు. కాని ఇంటిని గాలి త్రోయును, భూకంపము కుదుపును. గాలిని త్రాసులో పెట్టి తూచలేము గదా! సముద్రతీరమున ఉన్న మనకు గాలి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మరువజాలదు. ఇండ్లకు గాలిబలమును లెక్కించు భారత ప్రమాణములో విశాఖపట్నమునకును విజయవాడకును సెకండుకు 50 మీటర్లు, హైదరాబాదునకు 44 మీటర్లు మూలవేగముగా ఈయబడినవి. వేగమును వేగముతోనే హెచ్చించి, దానిని 0.6తో హెచ్చించినచో, చదరపు మీటరుకు ఎన్ని న్యూటనుల త్రోపిడియో తెలియును. 50 మీటర్ల గాలికి 1500 న్యూటనులు వచ్చును. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గల తలుపుమీద అది 3 కిలోన్యూటనులు. అనగా ఆరు సిమెంటు బస్తాల బరువంత బలము ఆ తలుపును అడ్డముగా త్రోయుచుండును. గాలివేగము సగమైనచో త్రోపిడి సగము కాదు, నాలుగవవంతు అగును. వేగము రెట్టింపైనచో నాలుగింతలగును. తుపానులో రేకులు ఒక్కసారిగా ఎగిరిపోవుటకు ఇదియే కారణము.

భూకంపములో సంగతి మరింత స్పష్టము. నేల అదరినపుడు ఇంటిలోని ప్రతి కిలోగ్రామును తానున్నచోట నిలిచియుండ జూచును, పునాది మాత్రము కదలిపోవును. పదార్థము నెంతయో, కుదుపు ఎంతయో, రెండును హెచ్చించినచో బలము వచ్చును. భూమి ఆకర్షణలో పదియవవంతు కుదుపు వచ్చెనేని, ఇంటిలోని ప్రతి వేయి కిలోగ్రాములమీదను సుమారు ఒక కిలోన్యూటను అడ్డపు త్రోపిడి పడును. ఇచ్చట కిలోగ్రాము వేరు, న్యూటను వేరు అని తెలియనివాడు లెక్కలో 9.81ని ఒకచోట హెచ్చించుట మరచును, వేరొకచోట రెండుమారులు హెచ్చించును. మరచినవాని స్తంభము పదియవవంతు బలముతో నిలుచును, అనగా నిలువదు.

ఇంతవరకు బలమును గూర్చి చెప్పితిని. కాని బలమెంత యని తెలిసినంత మాత్రమున చాలదు, అది ఎంత చోటుమీద పడుచున్నదో గూడ తెలియవలయును. చాపమీద నడచినచో ఏమియు కాదు. అదే కాలు ముల్లుమీద పడినచో దిగబడును. మనిషి బరువు మారలేదు, బరువు మోయు చోటు మారినది. కావున నిర్మాణశాస్త్రములో బలమును వైశాల్యముతో భాగించి చూతురు. పూర్వము దానిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులనిరి. పిమ్మట చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోగ్రాములనిరి. నేడు చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటనులనుచున్నారు. చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటను అనగా, చదరపు సెంటీమీటరుకు 10.2 కిలోగ్రాముల బరువు. చదరపు అంగుళమునకు సుమారు 145 పౌనులు. ఒకే ఒత్తిడికి మూడు అంకెలు: 1, 10, 145. పేరు చూడనివానికి మూడును వేరువేరుగా కనబడును.

ఇప్పుడు మాస్టారి నక్షాలోని చిక్కుముడి విప్పవచ్చును. కాంక్రీటు తరగతిలో ‘ఎం’ అనునది మిశ్రమమును తెలుపును. దాని ప్రక్క అంకె, 15 సెంటీమీటర్ల ఘనాకారపు కాంక్రీటు దిమ్మె 28 దినములు తడిలో ఆరిన పిమ్మట ఎంత ఒత్తిడికి ఓర్చునో తెలుపును. మన దేశపు కాంక్రీటు నిర్మాణములకు ఐ.ఎస్. 456 అను ప్రమాణగ్రంథము కలదు. 1953లో మొదట వెలువడిన ఈ గ్రంథము 1957లోను 1964లోను సవరింపబడినది. 1964 నాటి గ్రంథములో ఆ అంకె చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాములలో ఉండెను. 1978లో మరల సవరించినపుడు చదరపు మిల్లీమీటరుకు న్యూటనులలోనికి మారినది. నాటి ఎం 100, ఎం 150, ఎం 200 తరగతులు, నేటి ఎం 10, ఎం 15, ఎం 20 తరగతులకు ఇంచుమించు సమానములు.

దీనిని లెక్కవేసి చూపిననే గాని మాస్టారు ఒప్పుకొనలేదు, ఉపాధ్యాయులు గదా! దిమ్మె ముఖము 15 సెంటీమీటర్ల చదరము. 225 చదరపు సెంటీమీటర్లు. 225ను 150తో హెచ్చించిన 33,750 కిలోగ్రాములు. అనగా ముప్పదిమూడు టన్నులకు పైన. పాత ఎం 150 దిమ్మె మోయవలసినది అది. ఇక క్రొత్తది. అదే ముఖము 22,500 చదరపు మిల్లీమీటర్లు. దానిని 20తో హెచ్చించిన 4,50,000 న్యూటనులు, అనగా 450 కిలోన్యూటనులు. టన్నులలో చెప్పిన సుమారు 46. ముప్పదిమూడు ఎక్కువయా, నలువదియారు ఎక్కువయా? మాస్టారు కాగితమువంక చాలసేపు చూచి, “అయితే మా నాన్నగారు మోసపోయారా?” అని మెల్లగా అడిగిరి. లేదు. తండ్రిగారు ఆ కాలమునకు తగిన మంచి కాంక్రీటే వేయించిరి. ఒక్క అంతస్తునకు వేయించిరి. ఆ ఇల్లు ఏబది యేండ్లు ఎండకు, వానకు ఓర్చి నిలుచుటయే దానికి సాక్ష్యము. మోసము అంకెలో లేదు, అంకెను ఒంటరిగా చదువుటలో ఉన్నది.

ఇట్లు పొరబడుట మాస్టారికే చెల్లలేదు. 1999 సెప్టెంబరులో అమెరికావారు అంగారకగ్రహము వద్దకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక నష్టమైపోయినది. నౌకను త్రోయు చిన్న ఇంజనుల ప్రభావమును ఒక పక్షమువారు పౌనుల బలములో లెక్కించి పంపగా, రెండవ పక్షమువారు అవి న్యూటనులే యని గ్రహించిరి. పౌను బలమొకటి 4.45 న్యూటనులకు సమానము. అంత తేడాతో దారి లెక్క తప్పినది. ఇక వంతెనల లోకములో లావుఫెన్‌బుర్గ్ కథ ప్రసిద్ధము. అచ్చట రైను నదిమీద జర్మనీ, స్విట్జర్లాండు దేశములు చెరియొక ఒడ్డునుండి వంతెన కట్టిరి. ఎత్తులు కొలుచుటకు జర్మనీవారు ఉత్తరసముద్ర మట్టమును, స్విస్‌వారు మధ్యధరా సముద్ర మట్టమును ఆధారముగా గొందురు. రెండింటికిని 27 సెంటీమీటర్ల తేడా కలదని ఇరుపక్షములకును ముందే తెలియును. సవరణ చేసిరి, కాని కలుపవలసినచోట తీసివేసిరి. 2003లో చూచుకొనునప్పటికి తేడా పోవుటకు బదులు 54 సెంటీమీటర్లయినది. కనిపెట్టి సరిదిద్దుకొనిరి గనుక వంతెన నిలిచినది. తెలిసిన పండితులే యిట్లు పొరబడగా, మనము మరింత జాగరూకులమై యుండవలయును.

ఇంటివారు తాముగా గమనింపవలసిన సంగతులు రెండు మూడు చెప్పెదను. మొదటిది నీళ్ళతొట్టి. లీటరు నీరు కిలోగ్రాము. వేయి లీటర్ల తొట్టి నిండిన నీరే వేయి కిలోలు, అనగా సుమారు పది కిలోన్యూటనులు. అది ఇంచుమించు ఒక చదరపు మీటరు చోటుమీద కూర్చుండును. మనుష్యులు ఎక్కితిరుగు మేడమీద చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటనులు, గదులలో 2 కిలోన్యూటనులు పడునని లెక్కగట్టి సామాన్యముగా స్లాబు వేయుదురు. స్లాబు బరువును చుట్టుప్రక్కలకు కొంత పంచుకొనును, నిజమే; కాని ఆ భరోసాతో తొట్టిని గది నడుమ పెట్టరాదు. క్రింద స్తంభములు, దూలములు ఉన్నచోట, ఇంజనీరు చూపినచోట పెట్టించుట క్షేమము.

రెండవది ఇనుము. ఇనుపఊచను బరువు లెక్కను కొందుము. మిల్లీమీటర్లలో ఊచ మందమును అదే అంకెతో హెచ్చించి 162తో భాగించినచో, మీటరు ఊచ ఎన్ని కిలోలుండవలెనో తెలియును. 12 మిల్లీమీటర్ల ఊచకు 144ను 162తో భాగింపగా 0.89 కిలో వచ్చును. 12 మీటర్ల నిలువుఊచ 10.7 కిలోలుండవలయును. బాగుగా తక్కువ తూగినచో ఊచ సన్నగా నున్నదన్నమాట. అదే ఊచ ‘ఎఫ్.ఇ. 500’ రకమైనచో, సాగిపోకముందు చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటనుల లాగుడునకు ఓర్చును. దాని అడ్డుకోత 113 చదరపు మిల్లీమీటర్లు. కావున అది ఓర్చునది 56 కిలోన్యూటనులకు పైమాట, అనగా అయిదున్నర టన్నులకు మించిన లాగుడు. తాను తూగునది పదికిలోలు, ఓర్చునది అయిదువేల పైచిలుకు కిలోల లాగుడు! ఒకే ఊచకు రెండు అంకెలు. ఒకటి అంగడికి, ఒకటి ఇంటికి. కొనునప్పుడు కిలోగ్రాము, మోయునప్పుడు న్యూటను. దేని స్థానము దానిది.

మూడవది సంభాషణ. నక్షా మిల్లీమీటర్లలో నుండును, మేస్త్రీ టేపు అంగుళములలో నడచును. ఊచకును ఊచకును నడుమ 150 అని ఇంజనీరు వ్రాసినచో, మేస్త్రీ ఆరు అంగుళములని పనివారికి చెప్పును. రెండింటికిని రెండున్నర మిల్లీమీటర్లకు లోపే తేడా. అది దోషము కాదు. కాని ఆ 150ని చెప్పువాడొకరు, వినువాడొకరు, వ్రాయువాడొకరు అయినపుడు, ప్రమాణము పేరు ఏ నోటనో జారిపోవును. కాంక్రీటు పోయుటకు ముందటి సాయంకాలము ఇంజనీరును, మేస్త్రీని ఒకచోట నిలిపి, “ఏమి? ఎంత? ఏ కొలతలో?” అని మూడు ప్రశ్నలు ఇంటివారు అడుగవచ్చును. అందులో చిన్నతనము లేదు. పోసిన పిమ్మట అడుగుటలో ఫలము లేదు.

మాస్టారు ఏమి చేసిరని మీరు అడుగవచ్చును. ఇంజనీరును పిలిపించి పాత స్తంభములను, పునాదిని పరీక్ష చేయించిరి. ఆ ఇల్లు మరియొక అంతస్తును మోయజాలదని తేలినది. పెరటిలో కొబ్బరిచెట్టు ప్రక్కన వేరు పునాదిమీద కుమారునికి రెండు గదులు వేయించిరి. పాత నక్షాను అద్దములో కట్టించి ముందుగదిలో తగిలించుకొనిరి. ‘ఎం 150’ అని యున్నచోట, ఎర్రసిరాతో, బడిపిల్లల లెక్కలను దిద్దినట్లే, “చ. సెం.మీ.కు కిలోలు” అని తమ దస్తూరితో చేర్చిరి. వారి మనుమలు ఆ నక్షాను చూచి పొరబడరు.

సెలవు.